సగం అడ్వాన్సు

ఇద్దరం ఒకే బడిలో పంతుళ్లం. కలిసి రెండు గదుల పోర్షను అద్దెకి తీసుకున్నాం. ఇంటావిడ "మీరేమిట్లు?" అంటే ఆయన తన కులం చెప్పాడు. నన్ను అడగలేదు, నేను చెప్పలేదు. ఇద్దరిదీ ఒకటే అనుకుంది.

ఏడో నెల మా అమ్మ ఊరినించి వచ్చింది. వాకిట్లో కూచుని ఇంటావిడ అడిగినవాటికి ఉన్నదున్నట్టు చెప్పింది. సాయంత్రానికల్లా కబురు: "ఆయన ఉండొచ్చు, మీరు ఖాళీ చెయ్యండి."

"ముందే చెప్పాల్సింది మాస్టారూ" అన్నాడు మిత్రుడు. నా వాటా అడ్వాన్సు పైసాతో సహా లెక్కగట్టి ఇచ్చాడు. కరెంటు బిల్లూ సగమే పట్టుకున్నాడు. అన్యాయం చేశాడని ఎవరూ అనలేరు.

1950లో అమల్లోకొచ్చిన రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దు చేసిందని పిల్లలకి 17వ అధికరణం చెప్పేది నేనే. ఇంటావిడ చేసింది తప్పనడానికి ఆ అధికరణముంది. మిత్రుడి సంగతి ఏ చట్టంలో ఉంది? కలిసి దిగిన ఇంట్లోంచి ఒకణ్ణి పొమ్మంటే, రెండోవాడి బాధ్యత అద్దెలో సగమేనా? నాతో వచ్చెయ్యమంటే వచ్చేవాడేమో. అది అడిగి తెచ్చుకునేదా?

ట్రంకుపెట్టె ఆటోలో పెడుతుంటే అమ్మ ఏడ్చింది, "నా నోటి మూలానే గదరా అయ్యా."

"కాదమ్మా. ఈ ఇంట్లో సిగ్గుపడకుండా మనమెవరమో చెప్పింది నువ్వొక్కదానివే" అన్నాను.