పవిత్రభూమి పంపకం: 1229 నాటి యెరూషలేము ఒడంబడిక

క్రూసేడు యుద్ధాలపై నైతిక విచారణ తరచు రెండు ఘట్టాల మధ్యనే తిరుగుతుంది. 1099లో యెరూషలేమును పట్టుకున్న క్రైస్తవ సేనల ఊచకోత ఒకటి. 1187లో సలాహుద్దీన్ విమోచన ధనం స్వీకరించి నగరవాసులను విడిచిపెట్టడం రెండవది. (ఆ ధనం చెల్లించలేని వేలాదిమంది బానిసలైన సంగతి ఈ ప్రశంసలో మరుగున పడుతూ ఉంటుంది.) యుద్ధమే లేకుండా నగరం చేతులు మారిన 1229 నాటి ఘట్టం వీటికంటె జటిలమైనది.

ఆ యేడు ఫిబ్రవరిలో చక్రవర్తి రెండవ ఫ్రెడరిక్, ఈజిప్టు సుల్తాన్ అల్ కామిల్ పదేళ్లకు పైబడిన గడువుతో ఒడంబడిక చేసుకున్నారు. యెరూషలేము, బేత్లెహేము, నజరేతు క్రైస్తవులకు దక్కాయి. అల్ అక్సా మసీదు, డోమ్ ఆఫ్ ద రాక్ ఉన్న ప్రాంగణం ముస్లిముల అధీనంలోనే ఉండిపోయింది. ఇద్దరిలో ఎవరినీ శాంతిదూతగా చిత్రించడం కుదరదు. ఫ్రెడరిక్ రాజ్యంలోకి పోపు సేనలు చొరబడుతున్నాయి. అల్ కామిల్‌కు దమస్కులోని సోదరుని కొడుకు దావూద్‌తో వైరం ఉంది. అవసరం కలిపిన సంధి అది.

అయినా రెండు పక్షాలూ దానిని ద్రోహమనే అన్నాయి. పోపు వెలివేసిన వాని చేతి మీదుగా వచ్చిన నగరంలో ఆరాధనలను పాట్రియార్క్ జెరాల్డ్ నిషేధించాడు. దమస్కు మసీదులో దావూద్ ప్రోద్బలంతో సిబ్త్ ఇబ్న్ అల్ జౌజీ జనం విలపించేలా ఉపన్యసించాడు.

ఈ అభ్యంతరాన్ని మౌఢ్యమని తోసిపుచ్చరాదు. పవిత్రస్థలానికి పాలకుడు ధర్మకర్తయే కాని యజమాని కాడు. తనది కానిదానిని పంచి ఇచ్చే అధికారం అతనికెక్కడిది? తిక్కన ఉద్యోగపర్వంలో సంధి మాటను ద్రౌపది నిరసించేదీ భూమి లెక్కలతో కాదు, పరాభవం బేరానికి అందదన్న పట్టుదలతోనే. పైగా రక్తం చిందని ఈ సంధిలోనూ మూల్యం చెల్లించినవారున్నారు: నగరంలోని ముస్లిములు ఏడుస్తూ ఇళ్లు విడిచి వెళ్లారు.

అయితే ఈ వాదంలో ఒక లోపముంది. స్థలాన్ని వదులుకొనే హక్కు పాలకునికి లేదన్నవారు, దానికోసం పరుల ప్రాణాలను వ్యయం చేసే హక్కును మాత్రం ప్రశ్నించలేదు. ఐదవ క్రూసేడులో డామియెట్టా రేవును విడిస్తే యెరూషలేమును ఇస్తామని అల్ కామిల్ పక్షం ప్రతిపాదించగా, పోపు ప్రతినిధి పెలాజియస్ నిరాకరించాడు. 1221లో నైలు వరదనీటి మధ్య చిక్కిన అతని సేన డామియెట్టాను కూడా అప్పగించి వెనుదిరిగింది. నిరాకరణ నిష్ఠగా లెక్కకు వచ్చింది. దాని ఖర్చు సైనికుల ఖాతాలో పడింది.

దావూద్ తరువాతి నడవడి మరింత విచార్యం. 1239లో గడువు తీరాక అతడే యెరూషలేమును పట్టుకున్నాడు. మరి అయిదేళ్లు గడవకముందే, ఈజిప్టుకు వ్యతిరేకంగా క్రైస్తవుల పొత్తు కోరి, 1229లో అల్ కామిల్ విడువని ప్రాంగణాన్ని సైతం వారికి వదిలిపెట్టిన దమస్కు కూటమిలో చేరాడు. 1244లో ఖ్వారిజ్మీ సేనలు నగరంపై పడేనాటికి ఆ ప్రాంగణం క్రైస్తవుల చేతిలోనే ఉంది.