ఆట నియమాలు ఎవరి సొత్తు?

ఒక ఆటకు కొత్త కూర్పు వస్తున్నదని ప్రకటన వెలువడగానే ఆ ఆటను ఏళ్ళ తరబడి ప్రేమించినవాళ్ళే ముందుగా మండిపడతారు. బయటివాళ్ళకు ఇది వింతగా తోస్తుంది. "మీ పాత పుస్తకాన్ని ఎవరూ లాక్కోలేదు గదా! ఇష్టమైతే కొత్తది కొనండి, లేకపోతే పాతదే ఆడుకోండి. ఇందులో ఏడవడానికేముంది?" అంటారు. ఈ మాట పైకి సబబుగానే వినిపిస్తుంది. అయినా దీనితో సమస్య తీరదు. ఈ కోపం వెనుక ఒక నైతిక ప్రశ్న వున్నది. ఆట నియమం ఎవరిది? దాన్ని అచ్చువేసి అమ్మినవాడిదా, కూర్చుని ఆడేవాళ్ళదా?

ఈ ప్రశ్న అతి స్పష్టంగా లేచినది "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అనే అమెరికన్ ఆట విషయంలో. గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దీన్ని 1974లో ప్రచురించారు. నలుగురైదుగురు బల్లచుట్టూ కూర్చుంటారు. ఒకరు సూత్రధారి. మిగిలినవారు తలా ఒక పాత్ర ధరిస్తారు. "నేను గుహలోకి పోతాను" అని ఒకడంటాడు, "నేను వాకిలి దగ్గర కాపలా వుంటాను" అని ఇంకొకడు. ఆ పని నెగ్గిందో లేదో పాచికలు తేలుస్తాయి. ఏ పని ఎంత కష్టమో నియమగ్రంథం చెపుతుంది. ఇందులో ఒకరు గెలిచి మరొకరు ఓడడం లేదు. కథ సాగుతూ పోతుంది, కొన్ని బృందాల్లో సంవత్సరాల తరబడి. అంటే కొన్న పుస్తకంలో వున్నది ఆట కాదు, ఆటకు ముడిసరుకు మాత్రమే. ఆటను తయారుచేసేది ఆడేవాళ్ళ ఊహ, వాళ్ళ శ్రమ.

ఆ ముడిసరుకు చేతులు మారిన చరిత్ర చూడండి. రెండో కూర్పు 1989లో వచ్చింది. ప్రచురించిన సంస్థను 1997లో విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే కంపెనీ కొన్నది. ఆ కంపెనీని 1999లో హాస్‌బ్రో అనే పెద్ద బొమ్మల కంపెనీ కొన్నది. మూడో కూర్పు 2000లో, దానికి సవరణ 2003లో వచ్చాయి. 2007 ఆగస్టులో నాలుగో కూర్పును ప్రకటించి, 2008లో అమ్మకానికి పెట్టారు. సవరించిన పుస్తకాలు కొన్నవాళ్ళకు ఐదేళ్ళకే అవి "పాతవి" అయిపోయాయి. పైగా నాలుగో కూర్పు పోరాటాల పద్ధతినే చాలావరకు మార్చివేసింది. ఆడేవాళ్ళలో పెద్ద భాగం దాన్ని ఒప్పుకోలేదు. మూడో కూర్పు నియమాలమీద కట్టిన "పాత్‌ఫైండర్" అనే ఆటను పైజో అనే మరొక సంస్థ 2009లో తెస్తే, వాళ్ళలో ఎందరో దాని వెంట పోయారు.

ఈ కోపంలో మూడు పాయలు వున్నాయి. మొదటిది డబ్బు. మళ్ళీ కొనాలి గదా అనే బాధ. ఇది నిజమే కాని, మూడింటిలో చిన్నది. రెండోది శ్రమ. సూత్రధారి పదేళ్ళపాటు నోటుపుస్తకాల్లో రాసుకున్న ఊళ్ళూ, పాత్రలూ, లెక్కలూ కొత్త నియమాలకు సరిపడవు. మూడోది సాంగత్యం. ఇదే అసలైనది. పుస్తకం ఒంటరిగా చదువుకోవచ్చు, ఆట ఒంటరిగా ఆడలేము. కొత్తగా వచ్చేవాడు దుకాణంలో దొరికే కొత్త పుస్తకంతోనే వస్తాడు. పాత బల్ల దగ్గర ఒకడు ఊరు మారతాడు, ఒకడికి తీరిక దొరకదు, ఆ ఖాళీలు నిండవు. "పాతదే ఆడుకోండి" అనే సలహా ఇక్కడ వీగిపోతుంది. పాత పుస్తకం అల్మారాలో భద్రంగానే వుంటుంది, ఆడడానికి మనుషులు వుండరు.

నియమం స్వభావం తెలియాలంటే యజమాని లేని ఆటను చూడాలి. అటువంటివి మన నెల్లూరు తీరంలోనే వున్నాయి. పులిజూదంలో మూడు పులులు, పదిహేను మేకలు. గీతలు నేలమీద బొగ్గుతోనో సుద్దతోనో గీసుకుంటే చాలు. తుమ్మలపెంట, మైపాడు వైపు నుంచి వచ్చే విద్యార్థులను నేనొకసారి అడిగాను, ఎన్ని మేకలు చస్తే పులి గెలిచినట్టని. ఒకడు అయిదన్నాడు. ఒకమ్మాయి పది అన్నది. ఇంకొకడు, "ఆట మొదలుపెట్టేముందు అనుకుంటాం సార్" అన్నాడు. నా ఉద్దేశంలో నియమాన్ని గురించి ఇంతకంటె సరైన నిర్వచనం లేదు. నియమమంటే ఆడబోయేవాళ్ళు ఒకరికొకరు ఇచ్చుకునే మాట. వామనగుంటల్లో చింతపిక్కలు గుంటకెన్ని వెయ్యాలో ఇంటింటికీ తేడా వుంటుంది. అయినా ఎవరి ఆటా తప్పు కాదు. అత్తగారింటికి వచ్చిన కోడలు అక్కడి లెక్క నేర్చుకుంటుంది, తన పుట్టింటి లెక్క వాళ్ళకు నేర్పుతుంది. కొత్త కూర్పు అక్కడా పుడుతుంది. దాన్ని ప్రకటించే కంపెనీ మాత్రం వుండదు.

అంతమాత్రాన పాతదంతా బంగారమనీ, నియమాలను ఏ సంస్థా ముట్టుకోరాదనీ నేననడం లేదు. అలా అనడం అభివృద్ధి నిరోధకం. మన చెడుగుడు సంగతే చూడండి. ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్క పేరు, ఒక్కొక్క పద్ధతి. మహారాష్ట్రలో 1920ల మొదట్లో నియమాలు రాశారు. 1923లో వాటిని సవరించి అఖిలభారత పోటీ నడిపారు. 1950లో అఖిలభారత కబడ్డీ ఫెడరేషన్ ఏర్పడింది. 1990లో కబడ్డీ బీజింగు ఆసియా క్రీడల్లో పోటీగా చేరింది. ఊరూరి పద్ధతులు కొన్ని మరుగున పడ్డాయి, నిజమే. కాని ఒకే నియమం లేకపోతే నెల్లూరు పిల్లవాడు పంజాబు పిల్లవాడితో బరిలోకి దిగలేడు. ఆ మార్పు సాంగత్యాన్ని పెంచింది. 2014లో ప్రో కబడ్డీ లీగ్ మొదలైంది. అందులో వరుసగా రెండు కూతలు పాయింటు లేకుండా పోతే మూడో కూతలో పాయింటు తెచ్చితీరాలి, లేకపోతే కూతకు వెళ్ళినవాడు ఔటు. ఇది ఆటగాడి అవసరంకంటె ఎక్కువగా టెలివిజన్ ముందు కూర్చున్నవాడి ఓపికను దృష్టిలో పెట్టుకున్న నియమం. దానివల్ల ఆటకు ఊపు వచ్చిందంటే కాదనను. అయితే 1923 నాటి మార్పూ, ఇదీ ఒకే జాతివి కావు. మొదటిది ఆడేవాళ్ళు కలుసుకోవడానికి పుట్టింది, రెండోది చూసేవాళ్ళు లేచిపోకుండా వుండడానికి.

కాబట్టి మార్పు మంచిదా చెడ్డదా అని అడగడంలో అర్థం లేదు. ఎవరి అవసరంకోసం మారింది, మార్చేముందు ఎవరిని అడిగారు, పాతదారి మిగిలి వుందా లేదా అని అడగాలి. ఈ మూడో ప్రశ్నకు మన సాహిత్యంలోనే ఒక ఉదాహరణ వున్నది. పదమూడో శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి ఆస్థానంలో వున్న తిక్కన భారతాన్ని అందుకున్నప్పుడు, రెండు వందల ఏళ్ళనాటి నన్నయ భాష పాతబడింది గదా అని మొదటి నుంచీ తిరగరాయలేదు. విరాటపర్వం నుంచి తన మార్గంలో పదిహేను పర్వాలు రాశాడు. అరణ్యపర్వంలో మిగిలిపోయిన భాగాన్ని తరవాత ఎర్రన పూరించాడు. తిక్కన శైలి పూర్తిగా కొత్తది, నన్నయ చెక్కుచెదరలేదు. రెండు శైలులూ ఒకే గ్రంథంలో ఇమిడి వున్నాయి. పాతదాన్ని రద్దుచెయ్యకుండా కొత్తది నిలబడగలదని చెప్పడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కర్లేదు.

వ్యాపారానికి ఈ ఓర్పు వుండదు. పాతది జీవించి వున్నంతకాలం కొత్తదానికి గిరాకీ తక్కువ గనుక, పాతదాన్ని చంపడంలో దానికి లాభం వున్నది. ఇది ఊహ కాదు. మూడో కూర్పుతోపాటు 2000లో ఆ కంపెనీ ఒక బహిరంగ అనుమతిపత్రం ఇచ్చింది. దాని ప్రకారం మూల నియమాలను ఎవరైనా వాడుకుని రచనలు చెయ్యవచ్చు. పాత్‌ఫైండర్ నిలబడింది ఆ అనుమతిమీదనే. 2023 జనవరిలో ఆ పాత అనుమతిని చెల్లనీయకుండా చేసే ముసాయిదా బయటపడింది. ఆడేవాళ్ళూ, చిన్న ప్రచురణకర్తలూ ఏకమై ఎదిరించారు. ఎందరో తమ చందాలు రద్దుచేసుకున్నారు. ఆ నెలాఖరుకే కంపెనీ వెనక్కి తగ్గి, మూల నియమాలను ఎవరూ తిరిగి లాక్కోలేని బహిరంగ లైసెన్సు కింద విడుదల చేసింది. 2024 ఆగస్టులో మరొకటి జరిగింది. కంప్యూటరుమీద ఆడేవాళ్ళు కొనుక్కున్న పాత మంత్రాలూ వస్తువులూ వాళ్ళ పాత్రల పట్టికల్లో కొత్త కూర్పువిగా మారిపోతాయని ప్రకటించారు. అలజడి లేస్తే కొద్ది రోజుల్లోనే మానుకున్నారు. "మీ పుస్తకాన్ని ఎవరూ లాక్కోలేదు గదా" అనేవాళ్ళు ఈ సంఘటనను గమనించాలి. కాగితం పుస్తకానికి వున్న రక్షణ తెరమీద కొన్న పుస్తకానికి లేదు. అమ్మినవాడు మన అల్మారాలోకి చెయ్యిపెట్టి పేజీ మార్చగలడు.

అయితే ఆడేవాళ్ళ కోపమంతా పవిత్రమని కూడా అనలేము. అందులో పెద్దరికపు అహంకారం పాలు కొంత వుంటుంది. కష్టమైన నియమాలు నేర్చినవాడికి, సులువైన నియమాలతో లోపలికి వచ్చేవాళ్ళంటే చిన్నచూపు. గ్రాంథికం నేర్చినవాళ్ళకు వ్యావహారికంమీద వుండిన కోపంలో ఈ పాలు ఎంతో మనం మరిచిపోలేదు. 1858 నాటి బాలవ్యాకరణాన్ని చదివినవాడికి అది నచ్చడం తప్పు కాదు. దాన్ని తలుపుకు గడియగా వెయ్యడం తప్పు. అలాగే పాత కూర్పును ఆడుకునే హక్కు పాతవాళ్ళకు వుంది గాని, కొత్తదాన్ని రానివ్వకూడదనే హక్కు లేదు. 2012లో తరవాతి కూర్పును ప్రకటించినప్పుడు ముసాయిదా నియమాలను ఆడేవాళ్ళ చేతికే ఇచ్చి, వాళ్ళ అభిప్రాయాలు తీసుకుని 2014లో విడుదల చేశారు. ఆ కూర్పు అంతకుముందుకంటె ఎంతో ఎక్కువమందిని బల్ల దగ్గరికి తెచ్చింది. అడిగి చేసిన మార్పును జనం సులభంగానే స్వీకరిస్తారు.

ఆట వినోదమే గదా, దీనికింత చర్చ దేనికని కొందరనవచ్చు. జనం తమ తీరికవేళల్లో, జీతం లేకుండా, కలిసి చేసే సృష్టి ఏదైనా వుంటే అది ఆటే. దానికి కావలసిన పనిముట్టును అమ్మినవాడు ఆ సృష్టికి కూడా యజమానినంటే ఒప్పుకోవడానికి వీల్లేదు. నాగలి అమ్మిన వడ్రంగికి పంటలో హక్కు లేదు గదా. కాగితంమీద హక్కు అచ్చువేసినవాడికి వుండవచ్చు. ఆట మొదలుపెట్టేముందు అనుకున్న మాట మాత్రం అనుకున్నవాళ్ళదే. దాన్ని మార్చదలచినవాడు వాళ్ళ మధ్య వచ్చి కూర్చుని అడగాలి. వాళ్ళు కాదంటే పాత బల్లను అలాగే వుండనివ్వాలి.