చాటు ప్రతి

టైపు యంత్రముల కాలమున కార్బను కాగితము నుంచి లేఖలకు ప్రతులు తీసెడివారు. 1971లో రే టామ్లిన్సన్ ఒక కంప్యూటరునుండి మరియొకదానికి ఈమెయిల్ పంపిన పిదప లేఖల రూపము మారినను ఆ మాట పోలేదు. సీసీ అనగా నేటికిని కార్బను ప్రతియే. దానికి తోడు బీసీసీ యను చాటు ప్రతి కలదు. అందు పేరున్నవాడు లేఖను చదువును. ఆ సంగతి తక్కినవారికి తెలియదు.

ఇది ధర్మమా? నూరుగురికి ఒకే ప్రకటన పంపునపుడు ఒకరి చిరునామా మరియొకరికి తెలియకుండ ఇది కాపాడును. కాని తోటి ఉద్యోగికి వ్రాయు లేఖను పైయధికారికి చాటుగా చూపినచో, సాధనమొకటియే యైనను పని వేరు. మొదటిది చదువరుల గుట్టు కాచును. రెండవది నమ్మి బదులు వ్రాయువానిని మోసగించును.

పరభాషల నడుమ తరతరములుగా నివసించు మనకు ఇది సులభముగా బోధపడును. తెలుగు రాదనుకొన్న పొరుగువాడు మన మాటలన్నియు గ్రహించుచుండెనని తెలిసిననాడు మనకు కలుగు సంకోచమెట్టిది? అతడైనను చెవులు మూసికొనజాలడు. చాటు ప్రతి పంపువాడు కోరియే ఒక చెవిని గోడవెనుక నిలుపుచున్నాడు.

ఫిర్యాదున్నచో మనము నేరుగా అధికారికే వ్రాయవచ్చును. సాక్షి కావలెనన్న సీసీలో పేరుంచవచ్చును. ఎవరు వినుచున్నారో ఎరిగి మాటాడు హక్కును తోటివానికి మిగుల్చుటయే కలసి పనిచేయుటలోని మొదటి మర్యాద.