చూచుచు నిలిచినవాని ధర్మము

గడచిన సంవత్సరము మా పట్టణములో అమ్మవారి జాతర జరుగుచుండగా నేనొక దృశ్యమును చూచితిని. దానిని గూర్చి వ్రాయుటకు సిగ్గుగా నున్నది. వ్రాయకుండుటకు అంతకంటె నెక్కువ సిగ్గుగా నున్నది. రథమునకు దారి చేయుచున్న పోలీసు జవాను నొకనిని, త్రాగి వచ్చిన యువకులు ముగ్గురు పట్టుకొని కొట్టిరి. అతని టోపీ మురుగుకాలువలో పడెను. అతని లాఠీనే లాగుకొని అతని భుజముపై మోదిరి. చుట్టును నూరుమందికి తక్కువ కాని జనము నిలిచియుండిరి. కొందరి చేతులలో సెల్‌ఫోనులు పైకి లేచినవి గాని, అడ్డుపెట్టుటకు ఒక్క చెయ్యియు లేవలేదు. ఆ నూరుమందిలో నేనొకడను. తుదకు మజ్జిగ యమ్ముకొను ముసలమ్మ యొకతె, "ఓరి మీ చేతులు విరగ! వాడికి పెళ్లాం పిల్లలు లేరట్రా?" అని కేకలు వేయుచు వారి నడుమకు పోయి నిలువబడెను. ఆమె పోగా మరి నలుగురు పోయిరి. అంతట ఆ యువకులు పారిపోయిరి.

మరునాడు బడిలో తొమ్మిదవ తరగతి బాలుడొకడు లేచి, "మాస్టారూ, నిన్న మీరు కూడా అక్కడే ఉన్నారు గదండీ! మీరెందుకు వెళ్లలేదండీ?" అని యడిగెను. నేను "కూర్చో" అంటిని. అది సమాధానము కాదని వానికిని తెలియును, నాకును తెలియును. నా మనస్సు నాకు చెప్పిన సాకులను ఒక్కొక్కదానినే యిచట విచారింతును.

మొదటి సాకు: "అది వారి యుద్యోగము. జీతము పుచ్చుకొనుచున్నారు, శిక్షణ యున్నది, చేత లాఠీ యున్నది. నడుమ మనమెవరము?" ఈ మాట వినుటకు బాగుగనే యుండును. కాని జీతము చేయు పనికిగాని తిను దెబ్బలకు కాదు. వైద్యుడు మూర్ఛిల్లి పడిపోయినచో "వైద్యము వాని వృత్తియే గదా" యని ప్రక్కకు తప్పుకొని పోము. మరియు జవాను బలము లాఠీలో నున్నదని తలచుట పొరపాటు. నాలుగు బాటల కూడలిలో ఒక్కడు నిలిచి వందలకొలది బండ్లను చేసైగతో నాపుచున్నాడనిన, అది వాని కండబలము కాదు; మనమందరము ఆ చేతికి లోబడుట కంగీకరించియున్నాము. 1829లో రాబర్ట్ పీల్ లండను నగరమున పోలీసుదళము నేర్పరచిన నాటినుండి ఆంగ్లేయులలో వ్యాపించిన భావము కూడ నిదియే: పోలీసువాడు ప్రజలలో నొకడు, అందరికిని గల బాధ్యతను పూర్తికాలపు పనిగా చేపట్టినవాడు. మనము వానికి బాధ్యతను అప్పగించితిమి గాని, వదలుకొనలేదు.

రెండవ సాకు మిక్కిలి బలమైనది. "పోలీసువారు మాకు మిత్రులెప్పుడైరి? పేదవానిని ఠాణాలో కొట్టినప్పుడు ఎవరడ్డుపడిరి? నేడు వారు తినిన దెబ్బలు వారు పెట్టిన దెబ్బలకు వడ్డీయే" యని జనులనుకొందురు. ఈ యాక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. మన పోలీసు వ్యవస్థకు పునాది 1861 నాటి చట్టము; 1857 తిరుగుబాటు అణగిన పిమ్మట, ప్రజలను సేవించుటకంటె అదుపులో నుంచుటకే పరప్రభుత్వము దానిని నిర్మించెను. స్వతంత్ర భారతమునందును, అరెస్టు చేయునప్పుడు పోలీసువారు పాటింపవలసిన నియమములను డి.కె. బసు వ్యాజ్యములో 1996లో సుప్రీంకోర్టు విధింపవలసి వచ్చినదనిన, వ్యాధి యెంత లోతైనదో తెలియుచున్నది.

ఈ సందర్భమున చౌరీచౌరాను స్మరింపక తప్పదు. 1922 ఫిబ్రవరి 4వ తేదీన గోరఖ్‌పూరు జిల్లాలోని ఆ యూరిలో పోలీసువారు ఊరేగింపుపై కాల్పులు జరిపిరి, కొందరు మరణించిరి. తూటాలయిపోగా వారు ఠాణాలోనికి పోయి దాగికొనిరి. జనము ఠాణాకు నిప్పు పెట్టిరి. ఇరువదిమందికి పైగా పోలీసువారు చనిపోయిరి. "ముందు వారే కాల్చిరి గదా" యను సమాధానము గాంధీగారికి చాలలేదు. దేశమంతట పొంగుచున్న సహాయనిరాకరణోద్యమమును బార్డోలీలో నిలుపుచేయించి, అయిదు దినము లుపవసించెను. అనేకులు ఆయనను నిందించిరి. సెషన్సు కోర్టు 172 మందికి ఉరిశిక్ష వేసెను. 1923లో హైకోర్టు వారిలో 19 మందికి దానిని ఖాయము చేసెను. ఆ సమూహములో ప్రతివాడును నిప్పు పట్టుకొని యుండడు. కాని నిప్పు పెట్టువానికి ధైర్యము వెనుక నిలిచినవారి మౌనమునుండియే వచ్చును. కొట్టువాడు చుట్టు నిలిచిన జనమును సాక్షులుగా తలపడు; తనకు రక్షణగా కట్టిన గోడగా తలచును.

ఇంకొక మాట. ఠాణాలో జరుగు హింసను మనమేల ద్వేషింతుము? అచట పలువురు కలిసి ఒక్కనిని కొట్టుచుందురు, వాడు తిరిగి కొట్టలేడు, అడ్డుపడువాడు లేడు. జాతరలో నేను చూచినదియు సరిగా నిదియే. దుస్తులు మారినవి గాని పాపము మారలేదు. బజారులో జవాను పడియుండగా చూచుటకు అలవాటు పడిన కన్ను, ఠాణాలో పేదవాడు పడియుండగా చూచుటకును అలవాటు పడును. కావున ఈ ధర్మము రెండువైపుల పదునైనది: పోలీసువాడే కట్టువడిన మనిషిని బాదుచున్నచో, అప్పుడును నోరు విప్పవలెను, సాక్ష్యము చెప్పవలెను, పై యధికారులకు ఫిర్యాదు చేయవలెను. పోలీసువారిపై మనకు గల ఫిర్యాదులు న్యాయస్థానమున వినబడవలెనన్నచో, వీధిలో తీర్పు చెప్పు హక్కును ఎవ్వరికి నీయరాదు.

మూడవ సాకు భయము. నిజమునకు నన్ను కట్టివేసినది ఇదియే. మొదటి రెండును దాని కప్పిన దుప్పట్లు. భయము దోషమని నేననను. మనుస్మృతిలో మనము విసర్జింపవలసినవి పెక్కులు గలవు. కాని తొమ్మిదవ యధ్యాయములో, గ్రామము దోపిడికి గురియైనప్పుడుగాని, దారిలో దొంగతనము కంటబడినప్పుడుగాని శక్తికొలది పరుగెత్తిపోయి తోడ్పడనివారిని దేశమునుండి వెడలగొట్టవలెనను విధి యున్నది. అందులో "శక్తికొలది" యను మాట గమనింపదగినది. శక్తికి మించినది ధర్మము కోరదు. ఉన్న శక్తిని దాచుకొనుట నొప్పుకొనదు. కౌరవసభలో విదురుడు చెప్పినదియు నిదియే: నిందింపదగినదానిని నిందింపక కూర్చున్న సభాసదులకు పాపములో నాలుగవ పాలు చెందును.

నేటి చట్టము సంగతి చూతము. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 31వ సెక్షను ప్రకారము, శాంతిభంగమును నివారించుటకు పోలీసు అధికారి సమంజసముగా సాయము కోరినచో ప్రతివాడును చేయ బద్ధుడు. పాత స్మృతిలో 37వ సెక్షనును ఇట్లే చెప్పినది. అయితే చట్టము "కోరినచో" ననుచున్నది. తల పగిలి నేలపై పడినవాడు ఏ నోటితో కోరగలడు? చట్టము ఆగిన ఆ చోటనే మనుష్యత్వము ఆరంభింపవలెను.

శక్తికొలది యనగా నేమి? కత్తి యెదుట ఒట్టిచేతులతో దూకుమని కాదు. కేక వేయవచ్చును, పదిమందిని పోగుచేయవచ్చును, 112కు ఫోను చేయవచ్చును, అందరును కలిసి నడుమకు పోయి విడదీయవచ్చును, పడినవానికి నీళ్లిచ్చి ఆసుపత్రికి చేర్పవచ్చును. 2017 మార్చి 22న లండనులో పార్లమెంటు ద్వారమున కత్తిపోటు తినిన పోలీసు అధికారికి టోబియస్ ఎల్వుడ్ అను పార్లమెంటు సభ్యుడు మోకాళ్లపై కూర్చుండి, నోటితో ఊపిరి పోయ యత్నించెను. ఆ యధికారి బ్రతుకలేదు. కాని ఒంటరిగా చావలేదు. ఇక దుండగులు చిక్కినచో వారిని కుమ్మివేయుట సాయము కాదు. పట్టుకొని అప్పగించుటతో మన పని ముగిసినది.

ప్రభుత్వమును గూడ ఒక మాట అడుగవలసియున్నది. సాయము చేసినవానిని సాక్షి పేరున పదిసార్లు త్రిప్పి, ఠాణా వరండాలో నిలువబెట్టినచో, రెండవమారు ఎవడు ముందుకు వచ్చును? రహదారి ప్రమాదములలో తోడ్పడినవారికి 2019లో మోటారు వాహనముల చట్టమున రక్షణ కల్పించిరి. అట్టి రక్షణ వీధిలో హింసకు అడ్డుపడినవానికిని ఉండవలెను.

నెల దినములైన పిమ్మట ఆ ముసలమ్మ యొద్ద మజ్జిగ త్రాగుచు, "అవ్వా, ఆనాడు నీకు భయము వేయలేదా?" యని యడిగితిని. "వేయకేం బాబూ! కాళ్లు వణికాయి. కాని వాడు కింద పడ్డాడు గదా" అనెను.

మరునాడు తరగతిలో ఆ బాలునితో, "నేను భయపడితిని, ఆమెయు భయపడినది. నేను నా భయమును చూచుకొంటిని; ఆమె పడినవానిని చూచినది" అని చెప్పితిని. ఆలస్యముగా నైనను వాని ప్రశ్నకు నేను నిజముగా నిచ్చిన సమాధాన మిది.