గాజు పెట్టెలోని చెట్టు కప్ప

ఈ మాసము మీకు ఒక కప్పనుగూర్చి వ్రాయుచున్నాను. బోధకునికి వేరొక సంగతి దొరకలేదా అని నవ్వవద్దు. మా సంఘములోని చిన్నవాడొకడు ఆ కప్ప విషయమై నన్నొక ప్రశ్న యడిగెను. వేదాంత పాఠశాలలో చదివి, ఇన్ని సంవత్సరములుగా ప్రసంగపీఠమున నిలుచుచున్న నేను దానికి వెంటనే ప్రత్యుత్తరమియ్యలేకపోతిని.

మా రుద్రూరు నిజాంసాగరు కాలువ క్రింది యూరు. 1931లో ఆ జలాశయపు పని పూర్తియైన పిమ్మట ఈ ప్రాంతమున వరి, చెరకు వ్యాపించెను. ఆ రెండు పంటలకు పరిశోధనా స్థానము కూడ మా యూర నున్నది. బోధను చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది మొదలు చెరకు తగ్గెను గాని వరిమడులు ఉన్నవి. మడులున్న చోట కప్పలుండును. తొలకరి రాత్రులలో వాటి బెకబెకలు వినుచునే మేము నిద్రపోవుదుము.

అయితే మడిలోని కప్ప వేరు, చెట్టు కప్ప వేరు. చెట్టు కప్ప వ్రేళ్ల కొనలయందు గుండ్రని బిళ్లలుండును. వాటితో అది గోడను, ఆకును, అద్దమును కూడ అంటుకొని ఎక్కగలదు. పగలు నీళ్ల తొట్టి వెనుకనో, స్నానపు గది మూలనో కాళ్లు ముడుచుకొని గోడరంగులో కలిసిపోవును. రాత్రి పురుగులను వేటాడును. గుడ్లను నీటిలో పెట్టదు. నీటి మీదికి వంగిన కొమ్మకో, తొట్టి గోడకో నురుగుతో గూడు కట్టి అందులో పెట్టును. గుడ్లనుండి వెలువడిన పిల్లలు క్రింది నీటిలోనికి జారిపడును.

గత సంవత్సరము తొలకరిలో ఆ చిన్నవాడు మా స్నానపు గదిలో దొరికిన చెట్టు కప్పను రెండు చేతుల నడుమ పట్టుకొని వచ్చి, "అయ్యగారూ, దీన్ని నేను సాదుకుంటా" అనెను. అడవి ప్రాణులను పట్టుటనుగూర్చి మన దేశమున 1972 నాటి చట్టమొకటి యున్నదనియు, ముందుగా తెలిసినవారి నడుగవలెననియు నాకు తోచలేదు. "కప్పయే గదా" అనుకొంటిని. ఆ మాటలోనే నా తప్పిదము మొలకెత్తెను.

గాజు పెట్టెలో మన్ను, మొక్కలు నుంచి చిన్న లోకమును కట్టు పద్ధతిని టెర్రేరియమందురు. దీని పుట్టుక విచిత్రమైనది. లండను పట్టణమున వార్డు అను వైద్యుడుండెను. బొగ్గు పొగ వలన అతని తోటలోని మొక్కలు బ్రదుకకుండెను. 1829లో అతడు ఒక సీతాకోక జాతి పురుగు గూటిని తడిమన్నుతో సీసాలో నుంచి మూతవేసి, అది రెక్కలతో వెలువడుటను చూడగోరెను. కొన్ని దినములకు ఆ మన్నునుండి ఒక చిన్న మొక్కయు గడ్డిపోచయు మొలిచెను. మన్నులోని తేమ పగలు ఆవిరియై గాజునంటి, నీరై తిరిగి మన్నులోనికి దిగుచుండెను. 1833లో అతడిట్టి పెట్టెలలో మొక్కలను ఓడమీద ఆస్ట్రేలియాకు పంపగా అవి ప్రాణముతో చేరెను. తరువాత చైనా దేశపు తేయాకు మొక్కలు మన హిమాలయ ప్రాంతమునకు వచ్చినదియు ఇట్టి పెట్టెలలోనే.

మొక్కకు మూసిన పెట్టె మేలు. కప్పకట్లు కాదు, దానికి గాలి కావలెను. మిఠాయి అంగడివారు తీసివేసిన పాత గాజు పెట్టె నొకదానిని నిలువుగా నిలిపితిమి, ఏలయనగా చెట్టు కప్పకు వెడల్పుకంటె ఎత్తు ముఖ్యము. పైన సన్నని జాలి బిగించితిమి. అడుగున గులకరాళ్లు పరచితిమి. ఎక్కువైన నీరు వాటిలోనికి దిగును. వాటిపై బొగ్గు ముక్కలు, ఆపైన ఎరువుగాని పురుగు మందుగాని తగలని మన్ను వేసి, ఆకులు దట్టముగానున్న మొక్కను నాటి, ఎక్కుటకు ఒక కొమ్మ నిలిపితిమి. లోతులేని మూకుడులో నిలువయుంచిన నీరు పోసితిమి. కప్ప నోటితో నీరు త్రాగదు, చర్మముతోనే పీల్చుకొనును. కావున నీటిలోని మందు, మన చేతి సబ్బు, ఉప్పు దాని ఒంటిలోనికి పోవును. ముట్టవలసివచ్చినయెడల శుభ్రమైన తడిచేతితోనే ముట్టవలెను. ఉదయము సాయంకాలము నీరు చిలుకరింపవలెను. ప్రాణముతో కదలు పురుగులనే అది తినును. వాటినైనను మందు కొట్టిన పొలమునుండి తేరాదు.

చిన్నవాడు ఇదంతయు శ్రద్ధగా చేసెను. కప్ప మ్రింగునప్పుడు కన్నులు లోనికి లాగుకొనుననియు, ఆ కన్నులే ఆహారమును గొంతులోనికి నెట్టుటకు తోడ్పడుననియు నేను చెప్పగా, దీపము వెలుగున గంటసేపు కూర్చుండి చూచి, "అయ్యగారూ, దేవుడు ఎంత తెలివిగ చేసిండు!" అనెను. ఆ రాత్రి నా ప్రార్థనలో ఆ కప్పకొరకును స్తుతి చెల్లించితిని.

తరువాత అతడు నాలుగు దినములు వర్ణిలోని అమ్మమ్మ యింటికి పోవుచు పెట్టెను నాకప్పగించెను. మూడవ దినమున దూరపు ఊరినుండి కొందరు పెద్దలు మా యింటికి వచ్చిరి. వారికి చూపింపవలెనని నేను పెట్టెను చీకటి మూలనుండి తీసి కిటికీ యొద్ద నుంచితిని. వారు చూచి మెచ్చుకొనిరి. మరునాడుదయము నీరు చిలుకరింపక, పెట్టెను మూలకు మార్చక, సంఘపు పనిమీద నిజామాబాదు పోతిని. వాన వెలిసిన యెండ తీక్షణమైనది. గాజు ఆ వేడిని లోన పట్టియుంచెను. సాయంకాలము వచ్చి చూడగా కప్ప కొమ్మ క్రింద ఎండిన ఆకువలె పడియుండెను.

చిన్నవాడు వచ్చెను. నేను జరిగినది దాచక చెప్పితిని. అతడు ఏడువలేదు. పెట్టెవైపు చూచి యిట్లడిగెను: "అయ్యగారూ, అది ఒర్రలేదా?"

కేక వేయలేదా అని యర్థము. ప్రియులారా, అది కేక వేయలేదు. వేసినను వినుటకు నేను అక్కడ లేను.

సంఘపు పెద్ద యొకరు నన్ను ఓదార్చుచు, "ఎద్దును కట్టివేయుచున్నాము, కోడిని గంప క్రింద మూయుచున్నాము, కప్పను పెట్టెలో నుంచిన తప్పేమి?" అనిరి. ఆలోచింపదగిన మాటయే. అయితే ఎద్దుకు దాహమైన రంకె వేయును. గంప ఎత్తుట మరచినయెడల కోడి ఇల్లంతయు లేపును. అవి మన పూర్వుల కాలమునుండి మన వాకిట పెరిగి, మనలను అడుగుట నేర్చుకొన్నవి. పైగా సాయంకాలము కట్టిన ఎద్దును తెల్లవారగనే విప్పుదుము. చెట్టు కప్ప అడుగనేరదు. బయటనున్నప్పుడు ఎండ తగిలిన నీడకు పోవును, ఆరిపోయిన తడికి పోవును. పెట్టెలో పెట్టిన దినమున దాని వానను, నీడను, రాత్రిని మనము తీసికొని, "ఇకమీదట నీకివన్నియు నేనే" అని మాట యిచ్చితిమి. అట్టి మాట యిచ్చినవాడు ఒక్క పూట మరచినను ఆ ప్రాణికి లోకమే అంతమగును.

బైబిలులో ప్రేమతో పెంచబడిన చిన్న ప్రాణి యొకటి నాకు జ్ఞాపకము వచ్చుచున్నది. నాతాను ప్రవక్త దావీదునకు చెప్పిన కథలోని గొఱ్ఱెపిల్ల అది. సమూయేలు రెండవ గ్రంథము 12వ అధ్యాయము తెరచి చూడుడి. బీదవాడు తన కొద్ది ఆహారములోనే దానికి పాలిచ్చి, బిడ్డవలె పెంచెను. ధనవంతుడు దానిని పట్టి చంపించెను. ఎందుకొరకు? ఇంటికి వచ్చిన అతిథికొరకు. ఈ కథను నేను ఎన్నిమారులో ప్రసంగించితిని. పెట్టెను కిటికీ యొద్దకు జరిపినప్పుడు మాత్రము అది నా కథయని యెరుగనైతిని. చిన్నవాడు తన వేళను, నిద్రను దానితో పంచుకొనెను. నేను అతిథుల మెప్పుకొరకు దానిని వాడుకొంటిని. పెంచుట యనగా మన దానిలో పాలిచ్చుట. చూపించుకొనుటకు ఉంచుకొనుట పెంచుట కాదు.

అట్లయిన గోడలన్నియు చెడ్డవా? కావు. మనుష్యులను కప్పలతో పోల్చుట నా భావము కాదు గాని, మన జిల్లాలోనే ఒక సాక్ష్యమున్నది. డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ దొరసాని కుష్ఠరోగులకొరకు ఆసుపత్రి ప్రారంభించెను. రాజా నర్సాగౌడు దానికి ద్రవ్యసహాయము చేసెను. ఊరు వెళ్లగొట్టినవారికి అక్కడ గోడయు కప్పును దొరకెను. ఆ గోడ రోగిని దాచుటకు గాదు, స్వస్థపరచుటకు కట్టబడినది. బాగైనవానికి వాకిలి తెరచుట దాని కోరిక. ఏ గోడనైనను ఈ ప్రశ్నతో పరీక్షింపవచ్చును: ఇది లోపలివాని మేలుకొరకా, బయటివాని ఆనందముకొరకా?

కప్పను వేపచెట్టు క్రింద పాతిపెట్టితిమి. గాజు పెట్టెలో మరల ఏ ప్రాణిని ఉంచలేదు; దానిలో ఇప్పుడు మొక్కలు మాత్రమే పెరుగుచున్నవి. చిన్నవాడు ఆ చెట్టు నీడనే పాత సిమెంటు తొట్టి నొకదానిని పెట్టి నీరు పోసి, చుట్టును మొక్కలు నాటెను. దోమ పురుగులను పలుచని గుడ్డతో తీసివేయుచుండును. దానికి మూతలేదు, జాలి లేదు. ఈ సంవత్సరము రెండవ వాన తరువాత ఒక ఉదయమున అతడు పరుగున వచ్చి నా చేయి పట్టి లాగుకొనిపోయెను. తొట్టి అంచున, నీటికి జానెడెత్తున, పిడికెడు తెల్లని నురుగు గూడు అంటియుండెను. దానిని కట్టిన కప్ప కనబడలేదు. అది మాది కాదు. అయినను చిన్నవాడు గత సంవత్సరముకంటె ఎక్కువ సంతోషించెను.

ప్రియ చదువరులారా, మీలో ననేకుల ఇండ్లలో గాజు పెట్టెలు లేవు. అయితే కేకవేయని వారున్నారు. వెనుక గదిలో మంచముపైనున్న ముసలి తల్లి దప్పికయైనదని చెప్పదు. కొత్తగా వచ్చిన కోడలు ఆకలియని అనదు. బర్రెలు కాయుటకు కుదిరిన పరాయి పిల్లవాడు జ్వరముతోనే పనికి పోవును. వారి వానయు నీడయు ఇప్పుడు మీ చేతిలోనున్నవి. "అడిగినయెడల ఇచ్చియుందును గదా" అని మనమందుము. అడుగలేని స్థితిలో వారిని ఉంచినవారమే మనమైతే, ఆ మాట దేవుని యెదుట నిలువదు. ఈ సాయంకాలము దీపము పెట్టకముందు, పిలువకయే వారి యొద్దకు పోయి చూడుడి.

తండ్రీ, మా చేతికి నీవప్పగించిన ప్రాణులలో నోరు తెరువలేని వాటిని మాకు చూపుము. మా మెప్పుకొరకు మేము కిటికీ యొద్ద నుంచినవారిని నీడకు చేర్చు మనస్సు నిమ్ము. ఆమేన్.