గుప్పిట్లో ఈల

మా ఇంట్లో వైర్లు లేకుండా పనిచేసే వస్తువులన్నీ తమ క్షేమసమాచారం తామే చెప్పుకుంటాయి. వైఫై పెట్టె ఆకుపచ్చగా మినుకుమంటుంది. అమ్మాయి పాటలు వినే చెవిగింజలు ఛార్జింగు తగ్గితే ఎర్రదీపం చూపిస్తాయి. మా మామగారి చెవి మిషను ఒక్కటే మహా గుంభనం. తెర లేదు, దీపం లేదు. చిక్కుడు గింజంత ఉండి, మేలుకొని ఉందో పడుకుందో పైకి తెలియనివ్వదు.

మామగారు బొగ్గుబావిలో డ్రిల్లు పట్టిన మనిషి. ఆ మోత ఏళ్ల తరబడి చెవులను కొరుక్కు తినేసింది. మా మంచిర్యాలలో గట్టిగా మాట్లాడే పెద్దవాళ్లను చూసి కోపిష్ఠులనుకునేరు, చాలాసార్లు అది చెముడే!

మిషను ఇచ్చినాయన ఒక చిట్కా చెప్పాడు. గుప్పిట్లో మూసి పట్టుకుంటే ఈల వేస్తుంది. వేస్తే ప్రాణమున్నట్టు. లోపలి చప్పుడు బయటికొచ్చి మళ్లీ దాని మైకులోకే దూరి, పెరిగి పెరిగి కూత అవుతుందట. పెళ్లిపందిట్లో మైకు కీచుమంటుందే, అదే సంగతి. కొత్తరకాల్లో ఈ కూతను అణిచేసే ఏర్పాటు ఉంటుంది. మాది పాతది.

మొన్న ఆదివారం వంటింట్లో మావారితో అన్నాను: "మీ చెల్లెలు ఓ నాలుగు నెలలు ఆయన్ని ఉంచుకుంటే ఏం పోయింది? నా నవల అట్లాగే పడి ఉంది." తల తిప్పి చూస్తే మామగారు గుమ్మం అవతల మంచం మీద! చెవికి మిషను ఉంది. మొహంలో ఏమీ లేదు.

ఆ రాత్రి ఆయన నిద్రపోయాక డబ్బాలోంచి మిషను తీసి, బ్యాటరీ తలుపు మూసి, దొంగలా గుప్పిట బిగించాను. ఈల వేసింది. గుండె ఝల్లుమంది.

అప్పుడు తోచింది. వేయకపోతే ఏం చేసేదాన్ని? హమ్మయ్య అనుకొని పడుకునేదాన్ని కదూ! అన్న మాట అన్నట్టే ఉంది, అది తప్పో ఒప్పో తేల్చే పని మాత్రం బఠాణీగింజంత బ్యాటరీకి అప్పజెప్పాను. పైగా నేను అన్నదాంట్లో కొంత న్యాయమూ ఉందాయె. అయితే ఆయన ఎదుటే అనొచ్చుగా? ఆ ధైర్యం లేదు.

పొద్దున్నే ఎప్పటిలాగే మిషను నా చేతిలో పెట్టారు. ఆ సన్నని కూత ఆయనకు వినపడదు మరి.

"కూస్తాందా బిడ్డా?"

జవాబు కోసం నా మొహంకేసి చూస్తున్నారు. రోజూ అట్లాగే చూసి తెలుసుకుంటారు.