పేరు రాయడమా, దాచడమా?

దసరా సెలవులకి అమ్మ దగ్గరికెళ్లినప్పుడల్లా కెమెరా పట్టుకుని ఊరి చెరువుకట్ట వెంట తిరగడం నాకలవాటు. వానలు వెనకబట్టి తంగేడు, గునుగు విరగబూసే రోజులవి. సీతాకోకచిలుకలు, తొండలు, ఎండుమొద్దుల మీద లేచే కుక్కగొడుగులు... తారీఖు, చోటు, చెట్టు పేరు నోటుబుక్కులో రాసుకునేదాన్ని. తెంపను, కోయను. ఇంత నిరపాయమైన పని ఇంకోటి లేదనుకునేదాన్ని.

ఒక ఏడు వానలు ఆలస్యమై దసరాకి కూడా పుట్టగొడుగులు మొలిచాయి. ఆ చోటు నాకు చూపింది వరసకి పెద్దమ్మయ్యే ఒకావిడ. పుట్ట లోపల చెదలు ఆకూ పుల్లా నమిలి పెంచుకునే బూజే గొడుగై పైకొస్తుంది. మడి దున్ని వేసుకునే పంట కాదది. అందుకే చోటు తెలియడమే ఆస్తి. సెంటు భూమి లేని పెద్దమ్మకి ఉన్నది అదొక్కటే. నేను ఫోటోని ఊరి పేరు, వాగు పేరుతో సహా ఒక పత్రికకి పంపాను. కింద నా పేరు. మరుసటి ఏడు ఎవరో బండ్ల మీద వచ్చి గడ్డపారలతో పుట్టని తవ్విపోయారు. ఫోటో చూసే వచ్చారో లేదో తేల్చలేను. తేలకపోవడం నాకు ఊరట కాదు.

"ఈ ఏడు నాకు దొరకలే బిడ్డా" అంది పెద్దమ్మ. నన్నేమీ అనలేదు.

బియాట్రిక్స్ పాటర్‌ని మనం కుందేలు కథల రచయిత్రిగానే ఎరుగుదుం. ఆమె శిలీంధ్రాల బొమ్మలు వందలకొద్దీ గీసింది. వాటి బీజాలు మొలకెత్తే తీరుపై ఆమె రాసిన వ్యాసం 1897లో లండన్‌లోని లినియన్ సొసైటీ ముందుకెళ్లింది. సమావేశాల్లోకి ఆడవాళ్లకి ప్రవేశం లేదు కాబట్టి ఆమె అక్కడ లేదు. ఈ సంగతి క్లాసులో ఎన్నిసార్లు కోపంగా చెప్పానో! ఆమెకి స్కాట్లండ్ నుంచి నమూనాలు పంపిన పల్లె పోస్ట్‌మన్ చార్లెస్ మెకింటోష్ పేరు మాత్రం ఏనాడూ ఎత్తలేదు. వెలికి గురైన మనిషి వెనక కూడా మరొకరి తెలివిడి ఉంటుంది.

పోనీ, పెద్దమ్మ పేరు వేస్తే న్యాయం జరుగుతుందా? అడిగితే నవ్వింది. "నా పేరు రాస్తే జాగ చెప్పినట్టే గదా!"

స్త్రీల పేర్లు చరిత్రకెక్కాలని పదేళ్లుగా వాదిస్తున్న నాకు జవాబు దొరకలేదు. పాటర్‌ని లోపలికి రానివ్వలేదు. పెద్దమ్మ తనే రానంటోంది. పైకి రెండూ మౌనంలాగే ఉంటాయి. నిర్ణయం ఎవరిదన్నదే తేడా. అయితే ఎకరం భూమి ఉంటే ఆమెకి ఈ దాపరికం అవసరమయ్యేదా? ఆమె ఇష్టమని చెప్పి ఈ ప్రశ్నని నేను దాటెయ్యలేను.

ఇప్పుడు నోటుబుక్కులో తారీఖు, నేల, చెట్టు రాస్తాను. చోటు దగ్గర జిల్లా పేరుతో ఆపుతాను. 'చూపినవారు' అనే గడిని కొట్టెయ్యకుండా ఖాళీగా ఉంచుతున్నాను. ఆమె రాయమన్న రోజున రాయడానికి.